మా పల్లెలో బోదకాలు మాత్రల గురించి వాట్సాప్‌లో ఎలా చెప్తే వింటారు?

కెరటం_పక్కన, గంజాం జిల్లా

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

గోపాలపూర్ దాటాక సముద్రం వారన మాదొక చిన్న పల్లె. ఒడియావాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు. ఇంట్లో తెలుగే, పిల్లలు మాత్రం ఒడియా బడికి వెళ్తారు. నేను ఇచ్ఛాపురంలో మావయ్య ఇంట్లో ఉండి చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాయగలుగుతున్నాను. మా అప్ప, అంటే అక్క, ఊళ్ళో ఆశా దీదీ. బోదకాలు మాత్రలు ఇంటింటికీ పట్టుకెళ్ళి ఎదురుగా నిలబడి మింగించడం తన పని. పెద్దవాళ్ళకి డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి. చేతిలో పెట్టి వచ్చేస్తే లెక్కలోకి రాదు.

కిందటి రౌండులో అప్పకి సాయం చేద్దామని నేను ఫోన్ పట్టుకుని దిగాను. రాత్రంతా కూర్చుని రంగురంగుల పోస్టరు చేశాను, చక్కటి తెలుగు అక్షరాల్లో. నెట్‌లో దొరికిన వాచిన కాలు ఫోటో ఒకటి పెట్టాను. ఫేస్‌బుక్‌లో 500 రూపాయలు పెట్టి బూస్ట్ చేశాను. లైకులు బాగానే వచ్చాయి, అన్నీ విశాఖపట్నం, హైదరాబాద్ వాళ్ళవి. ఎవరో మస్కట్ నుంచి దండం బొమ్మ పెట్టారు. మా వీధిలో కుర్రాడు మాత్రం ఫోన్ నా మొహం మీద పెట్టి, "అన్నా, ఇందులో ఏటి రాసుంది?" అనడిగాడు. మాట్లాడేది తెలుగు, చదివేది ఒడియా. ఈ సంగతి నాకు ముందే తట్టొద్దా? పుట్టిన ఊరే కదా!

అంతకంటే పెద్ద తప్పు ఆ ఫోటో. మా అమ్మమ్మకి ఎడమ కాలు బోదకాలు. పోస్టరు చూసి, "ఈ కాలు ఎవుళ్దిరా? నాదే తీసీసినట్టుంది. ఊరందరికీ నన్ను సూపిస్తన్నావేటి?" అంది. నీ కాలు కాదే అని ఎంత చెప్పినా నమ్మలేదు. అప్పట్నుంచి అరుగు మీద కూర్చుంటే చీర కుచ్చిళ్ళు కాలి మీదికి లాక్కుంటోంది. ఇదివరకు అలా చేసేది కాదు. పోస్టరు తీసేశాను గానీ ఆ కుచ్చిళ్ళు మాత్రం ఇంకా లాక్కుంటూనే ఉంది.

రెండో రోజు బడిలో ఒక పాప వాంతి చేసుకుంది. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చిందట. టీ పొయ్యి మీద పెట్టాను, అది మరిగే లోపు నాలుగు గ్రూపుల నుంచి ఒకటే వాయిస్ మెసేజ్. పద్దెనిమిది సెకన్లు. ఎవరో ఆడమనిషి, అచ్చం మా యాసలో: "మాత్తర్లు మింగిన గుంటలు పడిపోతన్నారు, ఎవులూ మింగకండి తల్లీ." అంతే. తల్లులు బడికి పరిగెత్తారు. మా అప్ప మాత్రల పెట్టె పట్టుకుని సందులో నిలబడింది, తలుపులు ఒక్కొక్కటే మూసేశారు. ఆ సాయంత్రం తను అన్నం తినలేదు.

మళ్ళీ రౌండు మూడు వారాల్లో ఉంది. నా పోస్టరు మూడు రోజుల్లో చేరని ఇళ్ళకి ఆ పద్దెనిమిది సెకన్ల గొంతు టీ మరిగేలోపు చేరిపోయింది. అసలు ఫోన్‌తో ఈ పని అవుతుందా? రీల్స్ చేయమంటారా? పుకారు వస్తే ఏం చెయ్యాలి? మగవాళ్ళు తెల్లవారుజామున మూడింటికే సముద్రం మీదికి వెళ్ళిపోతారు, వాళ్ళకి ఎప్పుడు చెప్పాలి? చేసి చూసినవాళ్ళు చెప్పండి. "అవగాహన కల్పించాలి" అని మాత్రం చెప్పకండి, అది మా గోడ మీద కూడా రాసుంది.

*

రాత్రి_స్మియర్, బరంపురం

బాబూ, నేను లాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఫైలేరియా, అంటే ఈ బోదకాలు, రక్త పరీక్షలకి నీలాంటి పల్లెలన్నీ రాత్రిళ్ళు తిరిగినవాణ్ణి. ఎనిమిదిన్నర దాటాక మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా. పగలు రక్తం తీస్తే ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు దాదాపు కనిపించవు. అవి రాత్రే పైరక్తంలోకి వస్తాయి, ఎందుకంటే మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రే. తలుపు కొట్టి "వేలు చాపమ్మా" అంటే దొంగలనుకుని కుక్కల్ని వదిలినవాళ్ళున్నారు, అది వేరే కథ.

నీకు మూడు సంగతులు చెప్తాను, మొదటిది మాట గురించి. ఒడియా పోస్టర్ల మీద ఈ జబ్బుని వాతజ్వరొ అని రాస్తారు. అప్ప అదే మాట తెలుగులో "వాత జ్వరం మాత్రలు" అందనుకో, మన ముసలివాళ్ళకి ఏం వినిపిస్తుంది? కీళ్ళనొప్పులు. "నాకు వాతం లేదమ్మా, పక్కింటి ముసలాయనకియ్యి" అంటారు. నా ఎదుటే అన్నారు. ఒకావిడ మోకాళ్ళకి మంచిదని ఇంకో నాలుగు అడిగింది! కాబట్టి బోదకాలు అనే అనండి, గజ్జల్లో బిళ్ళ కట్టే జ్వరం అనండి. మగవాళ్ళతో అయితే వరిబీజం అని కూడా చెప్పాలి, అదీ ఈ పురుగు పనే.

రెండోది, కాలు ఫోటో వద్దు, పురుగుని చూపించు. నేను ఉద్యోగంలో ఉన్న చివరి రోజుల్లో ఒక పని చేశాను. మామూలుగా రక్తం చుక్కని అద్దం మీద స్మియర్‌గా పూసి, మర్నాడు కడిగి, జేఎస్‌బీ అనే రంగు వేసి చూస్తాం, అందులో పురుగు చచ్చి పడి ఉంటుంది. ఒక రాత్రి రంగు వెయ్యకుండా తాజా రక్తం చుక్కనే అద్దం మీద పెట్టి, మైక్రోస్కోపు కంటిగొట్టానికి ఫోన్ ఆనించి వీడియో తీశాను. ఎర్రకణాల మధ్య సన్నటి దారప్పోగు కొరడాలా కొట్టుకుంటూ కణాల్ని అటూ ఇటూ నెట్టేస్తుంది. దాన్ని చూసిన పడవ మనిషి ఒకడు నోట్లో ఉన్న చుట్ట తీసి, "ఇది మనూళ్ళో రక్తమేనా?" అన్నాడు. "ఈ వీధిదే" అన్నాను. ఎవరిదో చెప్పలేదు, చెప్పకూడదు. ఆ చుట్ట పక్కన పెట్టి, అప్పటికప్పుడు వెళ్ళి అన్నం తినొచ్చి మింగాడు. మీ ఆరోగ్య కేంద్రం లాబ్‌లో అడిగి అలాంటిదొకటి తీయించుకో. ఇరవై సెకన్లు చాలు. పాట గీట పెట్టకు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, దురద, వాంతి వస్తాయి. ఒంట్లో పురుగు పిల్లలు ఉన్నవాళ్ళకే అది ఎక్కువ. అవి ఒక్కసారిగా చావడం వల్ల వచ్చే గొడవ అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ మాట మింగిన తరవాత చెప్తే సాకులా ఉంటుంది, మింగక ముందే చెప్తే లెక్కలా ఉంటుంది. "రేపు కొందరికి జ్వరం రావచ్చు, వస్తే నాకు ఫోన్ చెయ్యండి" అని మీ అప్ప ముందురోజే చెప్పేస్తే, ఆ పద్దెనిమిది సెకన్ల గొంతుకి సగం ప్రాణం పోయినట్టే. ఖాళీ కడుపుతో ఎవరికీ ఇవ్వొద్దు. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, మంచం పట్టినవాళ్ళు వద్దు. ఇవి అప్పకి తెలుసు, ఊరికి తెలియాలి.

ఇంకొకటి. "నాకేం లేదు కదా, నేనెందుకు మింగాలి" అంటారు. పెద్ద పురుగు ఒంట్లో ఆరేడేళ్ళు బతుకుతుంది, పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. చిన్నప్పుడు ఎక్కిన జబ్బు కాలు వాచి బయటపడేసరికి మనవలొస్తారు. మీ అమ్మమ్మకి కూడా అలాగే అయి ఉంటుంది. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది, ఊరంతటికీ ఏటా మాత్రలివ్వడం 2004 నుంచి ఊపందుకుంది, ఇప్పుడు 2027కి పూర్తిగా వదిలించుకోవాలని గడువు. మాత్ర లోపలి పురుగు పిల్లల్ని చంపుతుంది, దాంతో దోమకి ఎక్కించుకోడానికి ఏమీ మిగలదు. వీధిలో సగంమంది మానేస్తే ఆ సగం నుంచి దోమ మళ్ళీ తెచ్చేస్తుంది.

*

మైకు_బాబు, ఛత్రపురం

తమ్ముడూ, ఈ రీల్స్ గోల వదిలెయ్. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ముందు రోజు నుంచీ ఊళ్ళు ఖాళీ చేయించింది ఫోన్లా? ఆటో మీద మైకు! నేను కూడా అరిచాను, గొంతు వారం రోజులు రాలేదు. ముసలమ్మలకి ఫోన్లుండవు, ఉన్నవాళ్ళకి రీఛార్జి ఉండదు. ఆటో, బ్యాటరీ, హారన్. సాయంత్రం నాలుగు వీధులు. అయిపోద్ది.

*

ప్రాణహిత_ఒడ్డు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

మైకు అన్న చెప్పింది నిజమే గని, మైకు అడిగిన దానికి జవాబు చెప్పదు గద.

మాది మహారాష్ట్ర. నది అవతల కాళేశ్వరం, ఇవతల మేము. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, కొన్ని ఊర్లల్ల మాడియా గోండుల భాష. మీ తీర్గనే మా పిల్లలు తెలుగు మాట్లాడుతరు, చదవరు. జిల్లా నుంచి వచ్చే వీడియోలల్ల హత్తీరోగ్ అని ఉంటది. మా అత్తమ్మ అది విని, "హత్తి అంటే ఏనుగు గద, ఏనుగులకు వచ్చే రోగం మనకెందుకు గోలీలు?" అన్నది. నవ్విన గని తప్పు ఆమెది కాదు.

నేను అంగన్‌వాడీల చేస్త. మేము మొదట్ల చేసిన తప్పొకటి చెప్త. గోలీ మింగుతున్నప్పుడు ప్రతి ఒక్కల ఫోటో తీసి గ్రూపుల పెట్టినం, పైవాళ్ళకు పని చూపియ్యాలె గద. రెండో దినం నుంచి కోడండ్లు బయటికి వస్తలేరు. నోరు తెరిచి నీళ్ళు పోసుకునే ఫోటో ఎవలు ఇష్టపడుతరు చెప్పు? ఇంకొందరు "ఫోటోల ఉన్నోళ్ళకే రోగమున్నదట" అని మొదలుపెట్టిన్రు. బంద్ చేసినం. ఇప్పుడు ఊరి పెద్దమనిషి, బడి సార్, నేను, మేమే ముందు మింగి మా ఫోటోనే పెడుతం. మిగతావాళ్ళది పుస్తకంల రాసుకుంటం, వేలు మీద గుర్తు పెడుతం.

ఇంకొక ముచ్చట. ఫోన్ ఎవల చేతిల ఉంటది? పొద్దంత మొగోళ్ళ చేతిల. ఆడోళ్ళ చేతికి వచ్చేది రాత్రి వంటయినంక, పిల్లలు కార్టూన్ చూసుడు ఆపినంక. నేను ఏ మెసేజ్ అయినా ఎనిమిదిన్నర తర్వాతనే పెడుత, పొద్దుగాల పెడితే గుడ్ మార్నింగ్ పూల కింద మునిగిపోతది. రాసుడు లేదు, నా గొంతే. నలభై సెకన్లు దాటనియ్య. పాట వద్దు, "ప్రియమైన గ్రామ ప్రజలకు" అసలే వద్దు.

*

వల_దూరం, మంగళూరు

అన్నా, మీ పక్క పల్లెవాణ్ణే అనుకుంటున్నాను. ఇప్పుడు మంగళూరులో బోటు మీద ఉన్నాను. పేరు చెప్పను, ఎందుకంటే ఆ వాయిస్ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్ళలో నేనొకణ్ణి.

ఎందుకు చేశానో చెప్తాను, మీకు పనికొస్తుంది. ఒడ్డుకి వచ్చి ఫోన్ ఆన్ చేశాను, ఆ గొంతు వినపడింది. నా కూతురు అదే బడి. ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, మా ఆవిడ బడికి పరిగెత్తిందట. గ్రూపులో అడిగాను, "నిజమేనా?" అని. ఒక్కడూ జవాబివ్వలేదు. ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో నా చేతిలో ఉన్నదల్లా ఆ పద్దెనిమిది సెకన్లే. ముందు మా బావకి పంపాను, వాడి పిల్లలు కూడా అక్కడే కదా. తరవాత బోటు గ్రూపులో పెట్టాను. చెడు చెయ్యాలని కాదు. చేతులు ఊరుకోలేదంతే.

ఆ మెసేజ్ పక్కన రెండు బాణాలుండేవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని. వాట్సాప్‌వాడు 2018లో మన దేశంలో ఫార్వర్డ్ ఐదుగురికే అన్నాడు, 2020 నుంచి ఆ రెండు బాణాలదైతే ఒకసారికి ఒక్కరికే అన్నాడు. ఏం లాభం? ఒక్కొక్కరికే పంపినా మా గ్రూపులన్నీ మేనమామలూ మేనత్తలే.

రాత్రి తెలిసింది, ఆ పాప మజ్జిగన్నం తిని ఆడుకుంటోందని. ఆ మాట మీ అప్ప గొంతుతో మధ్యాహ్నమే గ్రూపులో పడి ఉంటే నేను దాన్నే బోటు గ్రూపులో పెట్టేవాణ్ణి. "పుకార్లు నమ్మకండి" అని పెద్ద అక్షరాల బొమ్మ ఒకటి మర్నాడు వచ్చింది. దానివల్ల నన్ను దొంగని చేసినట్టయింది తప్ప పాప ఎలా ఉందో తెలియలేదు.

మగవాళ్ళకి ఎప్పుడు చెప్పాలి అన్నారు. పొద్దున్నే మనవాళ్ళు గాలి ఎలా ఉంది, చేప ఎక్కడుంది అని చూసే గ్రూపు ఉంటుంది కదా, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి వచ్చే సమాచారం పెట్టేది. దాన్ని చూడని పడవ లేదు. ఆ గ్రూపు నడిపే మనిషిని పట్టుకోండి. గాలి మెసేజ్ వెనకాలే మీది పడాలి. కానీ మాత్ర మాత్రం ఒడ్డున, సాయంత్రం వలలు బాగుచేసుకునేటప్పుడే. అప్పటికి అన్నం తినేసి, ఓ కునుకు తీసి వస్తారు.

ఇంకో మాట, సిగ్గు విడిచి రాస్తున్నా. వరిబీజం గురించి గ్రూపులో ఎవడూ అడగడు. నేనూ అడగలేదు, నాలుగేళ్ళు మోశాను. లుంగీ గట్టిగా కట్టుకుని వల లాగేవాణ్ణి. ఆపరేషన్ సర్కారు ఆసుపత్రిలో ఊరికే చేస్తారని నాకు తెలిసింది ఒక కుర్రాడు విడిగా పెట్టిన వాయిస్ మెసేజ్ వల్ల. కాబట్టి మీ మెసేజ్ చివర "విడిగా నాకు పెట్టండి, ఎవరికీ చెప్పను" అని ఒక ముక్క, మగ గొంతుతో చేర్చండి. అది అప్ప గొంతయితే పనికిరాదు.

*

కెరటం_పక్కన

అందరికీ దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, రౌండు మధ్యలో ఉన్నాం.

ముందుగా వల_దూరం అన్నా, మీరెవరో నాకు తెలిసిపోయింది, తెలియనట్టే ఉంటాను. పాప బాగుంది.

అప్ప చేత వాయిస్ చేయించడమే పెద్ద యుద్ధమైంది. ఫోన్ మొహం ముందు పెట్టగానే రేడియో అమ్మాయిలా "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టింది. తనకి ఆ భాష ఎక్కడినుంచి వచ్చిందో! చివరికి వంటింట్లో కవ్వల చేపలు కడుగుతుంటే పక్కన కూర్చుని, "రేపు మాత్రలు మింగితే ఏటవుతాదప్పా?" అనడిగి, తను చెప్తుండగా రికార్డు చేసేశాను. "ఏటవుతాది, ఒకలిద్దరికి జొరం తగులుతాది. పురుగు సత్తంటే ఊరుకుంటాదేటి? అన్నం తిని మింగండి, జొరమొస్తే నాకు ఫోన్ సెయ్యండి, అర్ధరాత్రయినా వస్తాను." వెనకాల నీళ్ళ చప్పుడు, పిల్లి అరుపు. నేను ఆ పిల్లి అరుపు తీసేద్దామనుకున్నాను, అప్పే ఉంచమంది. ముప్ఫయ్యొక్క సెకన్లు. సిరోంచ అక్క చెప్పినట్టు రాత్రి ఎనిమిదిన్నర దాటాక పెట్టాం.

లాబ్‌లో అడిగితే మొదట కుదరదన్నారు. రెండోసారి అప్ప వెళ్తే ఒప్పుకున్నారు. పురుగు వీడియో మాత్రం గ్రూపులో పెట్టలేదు, వల కుట్టుకునే చోట ఫోన్ చేతికిచ్చి చూపించాను. పెద్దాయనా, మీ చుట్ట మనిషిలాంటివాడు మాకూ ఒకడు దొరికాడు, ఈయనది బీడీ.

పుకారు మళ్ళీ వచ్చింది. ఈసారి వాయిస్ కాదు, వీడియో. మంచాల మీద పిల్లలు, ఏ ఊరో తెలియదు, మాట్లాడే భాష మనది కాదు, ఒడియా కాదు. పది నిమిషాల్లో అప్ప దాని కిందే జవాబు పెట్టింది: "ఇది మనూరు కాదు. మనూళ్ళో ఈ పూట ముగ్గురికి జొరం వచ్చింది, ముగ్గుర్నీ సూసొచ్చాను, కూకుని టీవీ సూస్తన్నారు." పేర్లు చెప్పలేదు. ఎవరెవరో అందరికీ తెలుసు, అది వేరే. సాయంత్రానికి తలుపులేవీ మూయలేదు.

మైకు అన్నా, మీ మాటా విన్నాం. ఆటో మీద పెట్టింది అదే వంటింటి వాయిస్, పిల్లితో సహా.

అమ్మమ్మ సంగతి. కాలు చూపించక్కర్లేదు, మాటే చాలు అని బతిమాలితే వాయిస్‌లో రెండు ముక్కలు చెప్పింది, పేరు లేకుండా. రోజూ రెండుపూటలా సబ్బుతో కడుక్కుని వేళ్ళ సందులు గుడ్డతో తుడుచుకోవడం, రాత్రి కాలు దిండు మీద పెట్టుకోవడం, తనకి పెళ్ళినాటికి కాలు బాగానే ఉండేదన్న సంగతి. మాత్రతో ఆ కాలు తగ్గదని తనకి తెలుసు, అయినా అందరికంటే ముందు మింగింది. మొన్న ఎదురింటావిడ ఫోన్‌లో అదే వాయిస్ మోగింది. అమ్మమ్మ చెవి అటు పెట్టి వింది. "ఈ ముసిల్ది ఎవులే, బాగా సెప్తంది" అంది. మేం చెప్పలేదు.

ఇంకా తొమ్మిది ఇళ్ళు మిగిలాయి. నాలుగింట్లో మగవాళ్ళు పారాదీప్ నుంచి శుక్రవారానికి వస్తారు. రెండిళ్ళు ససేమిరా అంటున్నాయి, కారణం చెప్పడం లేదు. మిగతా మూడు తాళాలు, బరంపురంలో పెళ్ళికి వెళ్ళారు. ఆ రెండిళ్ళకి ఫోన్ కాదు, అప్పా అమ్మమ్మా కలిసి వెళ్తామంటున్నారు. శుక్రవారం రాత్రి వచ్చి చెప్తాను.